పార్కు బొమ్మ పార్కులోనే వేయించండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య హనుమకొండలో పిల్లలకు చిత్రలేఖనం పోటీ పెట్టారు. అంశం ‘మా ఊరి పార్కు’. పోటీ మాత్రం ఫంక్షన్ హాల్లో, ట్యూబ్‌లైట్ల కింద! చాలామంది రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన గుడిసె వేసి ఇచ్చారు. పద్మాక్షి గుట్టను, గోవిందరాజుల గుట్టను రోజూ చూస్తూ పెరిగే పిల్లలకు ఈ మొనదేలిన కొండలు ఎక్కడ కనబడ్డాయో! బహుమతులు కూడా వాటికే ఇచ్చారు.

పార్కును చూసి గీయడమంటే ఏమిటో పిల్లలకు తెలియాలంటే, డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో వేసిన సిరా బొమ్మలు చూపించాలి. ఆయన అద్దెకు తీసుకున్న పసుపు ఇంటికి ఎదురుగానే, లామార్టీన్ కూడలిలో, ఓ పబ్లిక్ గార్డెన్ ఉండేది. పెద్ద విశేషాలేం లేని తోట. రెల్లు పుల్లకు మొన చెక్కి, దాన్నే కలంగా వాడాడు. పుల్లలో సిరా ఎంతోసేపు నిలవదు కాబట్టి గీత పొట్టిగానే పడుతుంది. ఆ పొట్టి గీతతోనే తోటంతా కట్టాడు. దగ్గరి గడ్డికి లావుపాటి గీతలు, దూరం పోయేకొద్దీ సన్నటివి, అక్కడక్కడా ఉత్త చుక్కలు. రంగు లేకపోయినా ఏది పొదో, ఏది పచ్చికో ఇట్టే తెలిసిపోతుంది. నీడ ఉన్నచోట గీతలు ఒత్తుగా పడ్డాయి, ఎండకు కాగితాన్నే వదిలేశాడు. (ఇప్పుడు గోధుమరంగులో కనిపిస్తున్న ఆ సిరా చాలావరకు కాలంతో పాటు వెలిసినదే.)

వేపాకుకూ రావి ఆకుకూ ఒకే పచ్చ క్రేయాన్ రుద్దే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? పైగా పుల్లా సిరాబుడ్డీ చాలు, ఖర్చు లేదు.

విద్యాశాఖ, నగరపాలక సంస్థ మాట్లాడుకుని నెలకో శనివారమైనా డ్రాయింగ్ పీరియడ్‌ను పబ్లిక్ గార్డెన్‌లోనో భద్రకాళి బండ్ మీదో పెట్టించాలి. టికెట్ ఉన్నచోట బడి పిల్లలకు మినహాయించాలి. డ్రాయింగ్ టీచర్ లేని బడులకు ఊళ్లోని సైన్‌బోర్డు పెయింటర్లను పిలవొచ్చు. ఫ్లెక్సీలు వచ్చాక వాళ్లకు పనులు తగ్గాయి, చెయ్యి మాత్రం పోలేదు. ఇక పోటీలు పెట్టే పెద్దలు హాలు బుక్ చేసే డబ్బుతో పిల్లలకు అట్టలు, మంచినీళ్లు ఏర్పాటు చేస్తే చాలు. వానొస్తే మరో వారానికి వాయిదా వేసుకోవచ్చు.

– ఒక పాఠకుడు, హనుమకొండ