చిన్న ఆఫీసుల కరెంటు పొదుపునూ గుర్తించండి

అయ్యా,

ఏటా డిసెంబర్ 14న ఇంధన పొదుపు గురించి గట్టిగానే మాట్లాడుకుంటాం. 1991 నుంచి కేంద్రం అవార్డులూ ఇస్తోంది. 2009లో కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఆఫీసు భవనాలకు స్టార్ రేటింగ్ తెచ్చింది. ఇవన్నీ పెద్ద భవనాలు, ఫ్యాక్టరీల సంగతి. మన విజయవాడ గవర్నర్‌పేట, లబ్బీపేటల్లో రెండు గదుల్లో నడిచే ఆడిటర్, ట్రావెల్స్, ఇన్సూరెన్స్ ఆఫీసులను అడిగేవాళ్లెవరు?

రోహిణీ కార్తెలో బందరు రోడ్డు మీది ఆఫీసుల్లోకి వెళ్లి చూడండి. ఏసీ 18 డిగ్రీల్లో ఉంటుంది, గుమాస్తా మఫ్లర్ చుట్టుకుని కూర్చుంటాడు! ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈయే చెబుతోంది. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు.

ప్రతి సర్వీసు నంబరు వాడకం లెక్క కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) దగ్గర ఉండనే ఉంది. నగరపాలక సంస్థతో కలిసి, చదరపు అడుగుకు ఎన్ని యూనిట్లో చూసి, కిందటేటి అదే నెలతో పోల్చి, డివిజన్‌కు ఒకటి రెండు ఆఫీసులను బహుమతికి ఎంపిక చేయవచ్చు. సిబ్బంది సంఖ్య కూడా అడగాలి. లేకపోతే సగం మందిని తీసేసి బిల్లు తగ్గించినవాడికే బహుమతి పోతుంది. తెల్లవార్లూ వెలిగే సైన్‌బోర్డులకు మార్కులు కోయాలి.

శాలువాలు, మెమెంటోలు వద్దు. ట్రేడ్ లైసెన్సు రుసుములో కొంత తగ్గిస్తే వ్యాపారులు వాళ్లే ముందుకొస్తారు.

- ఒక ఆఫీసు ఉద్యోగి, గవర్నర్‌పేట, విజయవాడ