స్పిరిట్ దూది దగ్గర ఓడిపోయిన కేసు

సంపాదకులకు నమస్కారం.

ప్రతి సోమవారం మీ పత్రికలో వారాంతపు డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీల్లో దొరికినవారి లెక్క వేస్తారు, బైకులవాళ్లు ఇందరు, కార్లవాళ్లు ఇందరు అని విడదీసి మరీ. తనిఖీల్లో దొరికినవాళ్లు చాలావరకు తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్లిపోతారు. చిక్కంతా మనిషి చనిపోయిన కేసులోనే. అక్కడ ఎవరూ ఒప్పుకోరు. అలాంటి కేసు ఒకటి నా చేతుల మీదుగా పోయింది.

అప్పుడు నేను ఒక ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో డాక్టరును. రైస్ మిల్లులో పని ముగించుకుని సైకిల్ మీద ఇంటికి వెళ్తున్న హమాలీని రాత్రి పదిన్నరకు కారు గుద్దింది. అతను అక్కడికక్కడే పోయాడు. కారు నడిపినతన్ని కానిస్టేబుల్ నా దగ్గరికి తెచ్చేసరికి ఒంటిగంట దాటింది. అతను నిలబడలేక గోడకు ఆనుకున్నాడు. సిస్టర్ మోచేతి మడతను స్పిరిట్ దూదితో తుడిచి, రక్తం తీసి, చేతికందిన మామూలు సీసాలో పోసింది. నేను సంతకం పెట్టాను. అరెస్టు చేసిన రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలని మోటారు వాహనాల చట్టం 202వ సెక్షన్ చెబుతుంది. కానిస్టేబుల్ తెచ్చిన కాగితంలో అరెస్టు సమయం రాయవలసిన చోట ఖాళీ ఉంది. ఆ సీసాను లేబొరేటరీకి పంపే ఉత్తరం తయారవడానికి నాలుగు రోజులు పట్టింది.

మూడేళ్లకు నన్ను సాక్షిగా పిలిచారు. డిఫెన్సు లాయరు అడిగినవి ఎక్కువేమీ లేవు.

"చేతికి ఏమి రాసి రక్తం తీశారు?"

"స్పిరిట్ అండి."

"అందులో ఉండేది ఏమిటి?"

"ఆల్కహాల్."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు గారు తల ఎత్తకుండా రాసుకున్నారు. ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారి చేతికి ఫైలు ఆ ఉదయమే వచ్చింది. తిరిగి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. తాగి ఉన్నట్టు రుజువు కాలేదని తీర్పు వచ్చింది. మిగిలిన నిర్లక్ష్యపు నేరం జరిమానాతో తేలిపోయింది.

నిజానికి తుడిచిన చోటు ఆరాక సూది గుచ్చితే ఆ స్పిరిట్ వల్ల ఫలితంలో వచ్చే తేడా అత్యల్పం. వాడకుండా ఉండడమే పద్ధతి, కానీ ఒక్క దూదికే కేసు పోనక్కర్లేదు. ఏపీపీ గారు "ఆరాక గుచ్చారా, దాని వల్ల ఇంత రీడింగు వస్తుందా?" అని అడిగి ఉంటే నేను చెప్పేదాన్ని. అసలు లోపం సీసాది. రక్తం చెడకుండా సోడియం ఫ్లోరైడ్ వేసిన బూడిదరంగు మూత ట్యూబులో కాక మామూలు దానిలో రోజుల తరబడి ఉంచిన రక్తంలో ఆల్కహాల్ తగ్గిపోవచ్చు, సూక్ష్మజీవుల వల్ల కొత్తగా పుట్టవచ్చు కూడా. దాని గురించి ఇటువాళ్లూ అడగలేదు, అటువాళ్లూ అడగలేదు, మేజిస్ట్రేటు గారూ అడగలేదు. నాకు తెలిసినా అడగనిదానికి జవాబు చెప్పే వీలు లేదు. (పైగా ఆ తప్పు నాది.)

"నోట మద్యం వాసన, తూలుతున్నాడు" అని రాసి చేతులు కడుక్కోవడం మా క్యాజువాలిటీ అలవాటు. అలాంటి లక్షణాలు మాత్రమే చాలవని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పిందట. ఆ సంగతి నాకు తెలిపింది డిఫెన్సు లాయరే.

ఇప్పుడు పోలీసులకు హిమాయత్‌సాగర్‌లో అకాడమీ ఉంది, న్యాయాధికారులకు సికింద్రాబాద్‌లో ఉంది. ఒకే నగరంలో ఉండి ఒకరు నేర్చుకున్నది ఒకరికి చేరదు. నేను కోరేది కొత్త భవనం కాదు. ఎస్సై, ఏపీపీ, మేజిస్ట్రేటు, డ్యూటీ డాక్టరు ఒకే గదిలో రెండు రోజులు కూర్చోవాలి. బ్రీత్ ఎనలైజర్‌ను నలుగురూ చేతపట్టి చూడాలి. చివరి గుక్క తాగాక పావుగంట ఆగకుండా ఊదిస్తే నోటిలో మిగిలిన మద్యం రీడింగును పెంచుతుంది, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌తో అప్పుడే పుక్కిలించినవాడికీ అంతే. కాబట్టి ఈ చదువు తాగనివాణ్ణి కాపాడడానికి కూడా. యంత్రం సరిగ్గా కొలుస్తోందని చెప్పే క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ తేదీ ఎక్కడ చూడాలో ఏపీపీకి తెలియాలి, ఆ కాగితం ఫైలులో ఎందుకు లేదని మేజిస్ట్రేటు అడగగలగాలి.

తాగి నడుపుతుండగా పట్టుకున్న వాహనాల విషయంలో మూడు రోజుల్లో ఛార్జిషీటు వేయాలని తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. వేగం మంచిదే. తాగి నడిపి ప్రాణం తీస్తే నిర్లక్ష్యం కింద సరిపెట్టకుండా నరహత్య కింద శిక్షించవచ్చని 2012లో ముంబై బాంద్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంత దూరం వెళ్లాలంటే ముందు తాగినట్టు రుజువు కావాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములన్న హద్దును 185వ సెక్షన్ మొదట శ్వాస పరీక్షకే కట్టింది, 2019 సవరణతో లేబొరేటరీ పరీక్షకూ వర్తింపజేసింది. ఒళ్లు విరిగి ఆసుపత్రిలో పడ్డవాడు ఊదలేడు, అతని విషయంలో రక్తమే దిక్కు.

అలాంటి తరగతి ఎప్పుడైనా పెడితే నన్ను పిలవమనండి. బస్సు ఛార్జీ కూడా అడగను. రెండు రకాల ట్యూబులు నేనే తెచ్చుకుంటాను.

– ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యురాలు, కరీంనగర్