ఆర్చి కడతామన్నారు, ఇనుప చట్రం చూపిస్తున్నారు

రోడ్డు విస్తరణ పనులు చేస్తున్న నిర్మాణ సంస్థ ప్రాజెక్టు మేనేజరు గారికి,

విషయం: మా ఊరి ముఖద్వారం కూల్చివేత, తిరిగి కట్టిస్తామని మీరు రాసిచ్చిన హామీ అమలు కాకపోవడం గురించి.

అయ్యా,

కొత్తపట్నం తీరంలోని మా ఊరి ఆర్చిని రోడ్డు వెడల్పు కోసం మీరు తొలగించారు. రోడ్డు వద్దని మేమెవరమూ అనలేదు. కార్తీక పౌర్ణమి సముద్ర స్నానాలకు జనం వచ్చినప్పుడు ఆ ఇరుకు దారిలో పడే అవస్థ మాకు తెలిసిందే. బొమ్మలు పాడవకుండా దించుతామని, పని పూర్తయ్యాక అదే రూపంలో కట్టిస్తామని మీరు పంచాయతీకి కాగితం రాసిచ్చారు. దాన్ని నమ్మే ఒప్పుకున్నాం.

తీరా ఊరు నిద్రపోయాక పొక్లెయిన్ తెచ్చి పడగొట్టారు. తెల్లవారి చూస్తే మధ్యలోని శంఖం పిండి పిండి అయింది. ఎడమవైపు ఒంగోలు గిత్త మూపురం దగ్గర చీలి, లోపలి కమ్మీలు బయటపడ్డాయి. కుడివైపు గిత్త మాత్రం దక్కింది. ఇప్పుడది మీ యార్డులో తారు డ్రమ్ముల పక్కన ఒరిగి ఉంది. మేస్త్రీ దాని మెడలో ఒక్కొక్కటిగా మలిచిన మువ్వల పట్టెడ ఇంకా చెక్కుచెదరలేదు. దాని కొమ్ములకు మీ వాళ్లు తడి గోతాలు ఆరేస్తున్నారు.

సిమెంటు బొమ్మలను విడదీసి దించడం సాధ్యం కాదని మీ సైటు ఇంజనీరు అన్నారు. ఇదే జిల్లాలో చీమకుర్తి క్వారీల్లో ఇళ్లంత గ్రానైటు దిమ్మెలను వజ్రపు తీగతో కోసి దించుతున్నారు. అక్కడి నుంచి ఒక మిషను, ఇద్దరు మనుషులను పిలిపించడం మీకు భారమా? పంచాయతీరాజ్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన నాకు ఆ జవాబు వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అది ప్రభుత్వం కట్టించిన ఆర్చి కాదు. పడవకు ఇంత, ఇంటికి ఇంత అని చందాలు వేసుకుని ఊరు కట్టుకున్నది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు చెల్లాచెదురైన మా వాళ్లు ఒకరినొకరు వెతుక్కుంటూ చేరింది ఆ ఆర్చి కిందికే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్లో కరెంటు స్తంభాలు వంగాయి గానీ ఆర్చి కదలలేదు. ఒంగోలు బస్సులో ఈనాటికీ ఆర్చి స్టేజీ అనే టికెట్టు అడుగుతున్నాం. దిగితే అక్కడ గుంత ఉంది, అందులో వాననీళ్లు, వాటిలో దోమలు.

ఇప్పుడు మీరు పంపిన కొత్త నమూనా చూశాం. ఇనుప గొట్టాల చట్రం, దాని మీద ఫ్లెక్సీ, రంగు లైట్లు, ఊరి పేరు కంటే పెద్ద అక్షరాల్లో మీ సంస్థ పేరు. ఉప్పుగాలికి ఆ గొట్టాలు ఎన్నాళ్లుంటాయి? ఫ్లెక్సీ అయితే మొదటి వాయుగుండానికే చిరిగిపోతుంది. దీన్ని పునర్నిర్మాణం అంటే మేము ఒప్పుకోం.

పాత ఆర్చికి పగుళ్లున్న మాట నిజమే. ఉప్పు లోపలికి దిగి కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బితే కాంక్రీటు చీలుతుంది. అందుకే ఈసారి సరిగ్గా కట్టమంటున్నాం. సముద్రపు తుంపర తగిలే కట్టడానికి కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం35 అనే గట్టి రకం కాంక్రీటు, కమ్మీల మీద 50 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవరు) ఉండాలి. ఇది మీకు తెలియనిది కాదు. లారీల కోసం 5.5 మీటర్ల ఎత్తు వదలండి, కొత్త రోడ్డుకు తగ్గట్టు స్తంభాలు దూరం జరపండి, మాకు అభ్యంతరం లేదు. గిత్తలు, శంఖం మాత్రం పాత కొలతలతోనే రావాలి. ఫొటోలు మా దగ్గరున్నాయి. మిగిలిన గిత్త ఎలాగూ మూసకు పనికొస్తుంది.

కాబట్టి ముందు ఆ గిత్తను ఈ వారంలోనే పంచాయతీ ఆవరణకు చేర్చండి. గుంతకు చుట్టూ కంచె వేయించండి, రాత్రిపూట పిల్లలు పడే ప్రమాదం ఉంది. పాత రూపంతో డ్రాయింగు, పని మొదలయ్యే తేదీ 30 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపండి. నోటిమాట ఇక చెల్లదు. గడువు దాటితే ఆ మరుసటి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాం. ఆర్చి పూర్తయ్యే వరకు మీకు తుది బిల్లు చెల్లించవద్దని రోడ్లు భవనాల శాఖను కోరతాం.

మీ సంస్థ పేరు రాసుకోవాలనుంటే స్తంభం వెనకవైపు చిన్న పలక పెట్టుకోండి. ముందువైపు ఊరి పేరే ఉంటుంది.

ఇట్లు,
గ్రామస్థుల తరఫున,
ఒక రిటైర్డ్ ఇంజనీరు

జతపరచినవి: మీ హామీ పత్రం నకలు, పాత ఆర్చి ఫొటోలు, మీ యార్డులో ఉన్న గిత్త ఫొటో.