బంకుల్లో గాలి యంత్రాలను పనిచేయించండి

సంపాదకుల వారికి,

అయ్యా,

పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటి చాలాకాలమైంది. మా విజయనగరంలో కార్లున్న నలుగురు కలిస్తే మాట మైలేజీ మీదికే మళ్లుతుంది. ట్యాంకులో కలిపే మందులకు, ఇంజిన్‌కు తగిలించే పరికరాలకు గిరాకీ ఉన్నదీ అందుకే. వాటికి వేలు పోసేవారు కూడా, పైసా ఖర్చు లేకుండా చూసుకోగలిగిన చక్రాల గాలిని నెలల తరబడి పట్టించుకోవడం లేదన్నది నా బాధ. ఇందులో మన అశ్రద్ధ ఎంత ఉందో పెట్రోలు బంకుల అశ్రద్ధ కూడా అంతే ఉందని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పదకొండేళ్లుగా ఒక చిన్న పెట్రోలు కారు నడుపుతున్నాను. ట్యాంకు నింపించిన ప్రతిసారీ మీటరు రీడింగునూ, పట్టిన లీటర్లనూ చిన్న పుస్తకంలో రాసుకోవడం అలవాటు. మొన్న వేసవిలో లీటరుకు అర కిలోమీటరు తగ్గినట్టు లెక్క తేలింది. మెకానిక్ బానెట్ తెరవకుండా ముందు చక్రం దగ్గర కూర్చుని గేజీ పెట్టి చూపించాడు. 33 పాయింట్లు ఉండవలసిన టైరులో 25 ఉంది. కంటికి మాత్రం ఏ తేడా కనిపించలేదు. గాలి తగ్గిన టైరు తిరిగిన ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది, ఆ వేడికి పోయేది మనం డబ్బు పెట్టి కొన్న పెట్రోలే. అంచులు ముందే అరిగిపోవడం, హైవే వేగంలో టైరు పేలే ప్రమాదం దీనికి అదనం. ఎంత గాలి ఉండాలన్నది డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, చాలామంది దానినే నింపించుకుని పొరబడుతున్నారు. బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూస్తేనే లెక్క సరిగా వస్తుంది.

ఆ సాయంత్రమే గాలి కొట్టించడానికి వెళ్తే మొదటి బంకులో యంత్రం మీద పాత గోనె కప్పి ఉంది. రెండో చోట యంత్రం ఉంది కానీ గేజీ ముల్లు సున్నా దగ్గరే బిగుసుకుపోయింది. అక్కడి కుర్రాడు టైరును అరచేత్తో కొట్టి, "సరిపోయింది సార్" అన్నాడు. చివరకు పంక్చరు షాపులో డబ్బిచ్చి గాలి కొట్టించుకోవలసి వచ్చింది. ఉచితంగా గాలి అందించడం బంకు దయ కాదు, చమురు సంస్థల నిబంధనల ప్రకారం విధి.

మరో విషయం కూడా చెప్పాలి. అరకు నుంచి శృంగవరపుకోటకు ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు గేరును న్యూట్రల్‌లో వేస్తే పెట్రోలు మిగులుతుందని అనుభవజ్ఞులైన డ్రైవర్లు సైతం నమ్ముతున్నారు. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బొరేటర్ల కాలం నాటి ఆ అలవాటు నేటి బండ్లకు పనికిరాదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ (ఇంజిన్‌కు ఇంధనాన్ని కంప్యూటరు కొలిచి అందించే ఏర్పాటు) ఉన్న కారు గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, దిగువకు దొర్లే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి కనుక ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి ఇంధనం కాలుస్తూనే ఉండాలి. పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది, మలుపుల్లో అవి వేడెక్కితే ప్రాణాలకే ముప్పు.

రైలు గేటు పడి గూడ్సు బండి రావలసి ఉన్నా, ఏసీ కోసం ఇంజిన్ నడుపుతూ కూర్చునేవారిని రోజూ చూస్తున్నాం. ఒక నిమిషానికి మించి ఆగవలసి వస్తే ఇంజిన్ ఆపడమే లాభం. వేగం సంగతీ అంతే. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు పెంచితే గాలి ఎదురొత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నానికి ఉన్న సుమారు 110 కిలోమీటర్లలో ఆ తొందర వల్ల మిగిలేది పదహారు నిమిషాలు, అదీ దారి ఖాళీగా ఉంటేనే.

డ్రైవింగ్ స్కూళ్లు స్టీరింగు, క్లచ్‌లతో పాటు ఈ నాలుగు మాటలూ నేర్పితే బాగుంటుంది. అయితే ముందు జరగవలసింది బంకుల తనిఖీ. చమురు సంస్థల అధికారులు, పౌరసరఫరాల శాఖ వారు పెట్రోలు కొలతను పరీక్షించేటప్పుడే గాలి యంత్రాన్ని, గేజీని కూడా పరీక్షించాలి. పనిచేయని చోట ఎవరికి ఫిర్యాదు చేయాలో ఫోను నంబరుతో కనబడేలా రాయించాలి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి పిల్లాపాపలతో, డిక్కీ నిండా సామానుతో మన ఊళ్లకు వచ్చే కార్లు జాతీయ రహదారి మీద బారులు తీరతాయి. కనీసం ఆనందపురం నుంచి ఇచ్ఛాపురం వరకు రహదారి వెంట ఉన్న బంకుల్లోనైనా ఆ పండుగలోగా ఈ పని పూర్తి చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయనగరం