వేపనూనె తర్వాత, ముందు వేడినీళ్ల తొట్టి ఇప్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం. మాది ఉలవపాడు దగ్గర పల్లె. బంగినపల్లి తోట ఉంది, సీజన్లో హైవే పక్కన పందిరేసుకుని మా ఆవిడా నేనూ కాయలమ్ముకుంటాం. ఈమధ్య ఎవర్ని కదిలించినా మామిడి కుళ్లకుండా వేపనూనె రాయి, లవంగనూనె రాయి, కలబంద గుజ్జు పూయి అంటున్నారు, ఫోన్లో వీడియోలూ అవే. లవంగనూనెలో ఉండే యూజెనాల్ బూజుని ఆపే మాట నిజమే, కాదనను. కానీ కుళ్లు యాడ మొదలవుతుందో చెప్పకుండా పైపూత చెప్తే ఎట్టా?

కాయని నల్లమచ్చలతో కుళ్లబెట్టే పక్షికన్ను తెగులు కోసినాక వచ్చేది కాదు సార్. పూత మీదా పిందె మీదా మంచో వానో పడి తడి ఆరకపోతే అప్పుడే బూజు లోపలికి దూరి తొక్క కింద నిద్రపోతా ఉంటది, కోసేటప్పుడు కాయ అద్దంలా ఉంటది, మగ్గేసరికి నల్లమచ్చలు లేచి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, కొన్నోళ్లు తిరుగు ప్రయాణంలో బండాపి మరీ తిట్టిపోతారు. లోపల కూర్చున్నదాన్ని పైన రాసిన నూనె ఏం చేస్తది? పోయినేడు రెండు ట్రేలకి వేపనూనె రాసి చూశా. మచ్చలు వచ్చేవి వచ్చాయి, పైగా ఒకాయన కాయ ముక్కు దగ్గర పెట్టుకుని మాట్లాడకుండా కింద పెట్టేశాడు.

నాకు పనిచేసింది వేడినీళ్లు. 52 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ముంచి, తీసి చన్నీళ్లలో చల్లార్చి, నీడన ఆరబెట్టడం, అంతే. తొక్క కిందున్న బూజు ఆ వేడికి చస్తది. కాకపోతే పెళ్లివంటల డేగిసా అద్దెకి తెచ్చి కట్టెలమంట మీద ఆ 52 నిలబెట్టడం నావల్ల కాలా, థర్మామీటర్ పట్టుకుని అక్కడే కూర్చున్నా ఒక విడత వేడెక్కువైపోయి ట్రే కాయలు తొక్క కమిలిపోయాయి, ఇవి పప్పులోకి కూడా పనికిరావని మా ఆవిడ దెప్పింది. ఇంకోటి, తొడిమ కుళ్లు దీనికి అంతగా లొంగదు, దానికి కాస్త తొడిమ ఉంచి కోసుకోవాల, కాయ నేల తగలకుండా చిక్కంతో దించుకోవాల.

పైపూతల్లో నాకు ఆశ ఉన్నది కైటోసాన్ మీద. రొయ్య, పీత డొల్లల నుంచి తీసే పొడి అది, పలచటి వెనిగర్ లాంటి పులుపులో కరిగించి కాయల్ని ముంచితే సన్నటి పొర కడతది, కాయ ఊపిరి నెమ్మదించి నిదానంగా మగ్గుద్ది, బూజునీ అణుస్తది. మన ఒడ్డునేమో రొయ్యల చెరువులు, రోడ్డుకి ఇవతల మామిడితోటలు, ఈ రెంటినీ ఎవరూ కలపరే! (మామిడికాయ మీద రొయ్య డొల్లా అని శాకాహారులు మూతి తిప్పుకుంటారేమో, పుట్టగొడుగుల జాతి నుంచి కూడా తీస్తారంట, వాళ్లకది.) హార్టికల్చర్ వాళ్లు ముందు మా కాయ మీదే ట్రయల్ వేసి చూపిస్తే బాగుంటది.

అదటుంచి, మండలానికొక కరెంటు తొట్టి, వేడి దానంతటదే 52 దగ్గర ఆగేది, ట్రేకింతని అద్దె పెట్టినా కట్టుకుంటాం. ఏప్రిల్ కోతలకల్లా వస్తే నా డేగిసా అద్దె మిగులుద్ది.

ఇట్లు,
ఒక మామిడి రైతు, ఉలవపాడు దగ్గర