ప్రసాదుకి, నీ దొడ్లో గులాబీల సంగతి

ఒరేయ్ ప్రసాదూ,

నీ దొడ్లో గులాబీలు ఏ రకాలో చెప్పమని పంపిన ఫొటోలు అందాయి. అందంగా ఉన్నాయి కానీ ఒక్కటీ పనికిరాదు. కోప్పడకు. అన్నీ పైనుంచి తీసిన పువ్వు ముఖాలే. గులాబీ ఊరూ పేరూ ముఖంలో దొరకదురా, వెనక్కి తిప్పి చూడాలి. అదృష్టం కొద్దీ ఫొటోల కింద నువ్వు రాసిన కబుర్లు పనికొచ్చాయి.

ముందు వాకిట్లో ఎర్రదాని పంచాయతీ తేల్చేద్దాం. రేకు బిళ్ళ మీద ‘మిస్టర్ లింకన్’ అని ఉంది, ఏప్రిల్లో విరగబూసింది, తర్వాత మళ్ళీ ఒక్క మొగ్గ లేదు, వాసన అంతంతమాత్రం అన్నావు. మిస్టర్ లింకన్ 1964లో వచ్చిన రకం. దాని పేరు నిలిచిందే వాసన మీద. పైగా సీజనంతా విడతలు విడతలుగా పూస్తుంది. నీది ముదురు మెరూన్ రంగు, చిన్న పువ్వు, విచ్చుకుంటే మధ్యలో పసుపు కేసరాలు, వంగి వాలే పొడుగు కొమ్మలు. అది డాక్టర్ హ్యూయీ. సందేహం అక్కర్లేదు.

ఇది ఎవరూ కోరి నాటింది కాదు. మీ కాలిఫోర్నియాలో వాస్కో ఊరి చుట్టుపక్కల నర్సరీల వాళ్ళు అంటు కట్టడానికి రూట్‌స్టాక్‌గా, అంటే కింద వేళ్ళిచ్చే మొక్కగా, వాడేది ఎక్కువగా దీన్నే. పైనున్న మిస్టర్ లింకన్ ఎప్పుడో చచ్చిపోయింది, కిందున్నది బతికి చిగురేసింది. కాబట్టి బిళ్ళ అబద్ధమాడలేదు, పోయినవాడి పేరు చెబుతోంది అంతే. నమ్మకం లేకపోతే మొదట్లో మట్టి తీసి చూడు. అంటు కట్టిన చోట బుడిపె కనిపిస్తుంది. కొమ్మలన్నీ దాని కిందనుంచే లేస్తుంటే ఇంక వాదన లేదు. అన్నట్టు, దీన్ని పుట్టించిన కెప్టెన్ జార్జ్ థామస్ లాస్ ఏంజెలెస్ రివియెరా గోల్ఫ్ కోర్సుని డిజైన్ చేసిన మనిషే. 1920లో దీన్ని బయటికి తెచ్చి, ఫిలడెల్ఫియాలో గులాబీల పిచ్చి ఉన్న ఒక పళ్ళ డాక్టరు పేరు పెట్టాడు. శనివారాలు గోల్ఫ్ గోల్ఫ్ అని తిరుగుతావుగా, ఆ పేరన్నా తెలుసా నీకు?

ఇక వెనక కంచె దగ్గరి గులాబీరంగుది. అసలు మజా అంతా దీంట్లోనే ఉంది. ఇల్లమ్మినాయన ‘డమాస్క్’, అంటే పన్నీరు, అత్తరు తీసే పాత గులాబీ జాతి, అన్నాడని నువ్వూ నమ్మేశావు. నాకు నమ్మకం కుదరలేదు. ఎందుకో చెబుతా. చిట్టాలో మూడు పేర్లు పెట్టుకో: శరదృతువులో మళ్ళీ పూసే ఆటమ్ డమాస్క్, చైనా జాతి ఓల్డ్ బ్లష్, ఈ రెండింటికీ పుట్టిన బూర్బన్. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అంటున్న ద్వీపం పాత పేరు బూర్బన్. అక్కడి ఫ్రెంచి వాళ్ళు పొలాలకి ఈ రెండు గులాబీలనీ కంచెగా వేసుకునేవాళ్ళు. వాటి మధ్య తనంతట తాను పుట్టిన సంకరాన్ని బ్రేయాన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు చూసి, 1819లో గింజలు ఫ్రాన్సులో ఓర్లియన్స్ డ్యూక్ తోటమాలి జాక్‌కి పంపాడు. బూర్బన్ గులాబీల వంశం అక్కడ మొదలైంది. బిడ్డకి అటూ ఇటూ పోలికలుంటాయి కదా, చిక్కంతా అదే.

మా అమ్మ పన్నీరు గులాబీ అంటుందే, దొడ్లో బావి పక్కది, అది కూడా డమాస్క్ కాదురా. ఎడ్వర్డ్ గులాబీ, ఈ బూర్బన్లలో మొట్టమొదటిది. మన దేశంలోనూ దాన్ని రూట్‌స్టాక్‌గా బాగా వాడారు. ఏ కడియం అంటుమొక్క కిందో వచ్చి పైదాన్ని సాగనంపి ఉంటుందని నా అనుమానం. అమ్మతో ఈ మాట అనలేదు, అనను కూడా.

సరే, నువ్వు చెయ్యాల్సిన పని. ఇంకా విచ్చని మొగ్గ ఒకటి తీసుకో. దాన్ని కప్పిన పచ్చరేకులు ఐదుంటాయి. వాటి అంచులు చూడు: రెండింటికి రెండువైపులా కుచ్చుల్లాంటివి ఉంటాయి, రెండు నున్నగా ఉంటాయి, ఐదోదానికి ఒకవైపే. యూరప్‌లో దీనిమీద పాత పొడుపుకథ ఉంది: ఐదుగురు అన్నదమ్ములు, ఇద్దరికి గడ్డం, ఇద్దరికి లేదు, ఒకడికి సగం. చాలా గులాబీల్లో ఇంతే కాబట్టి అదొక్కటే చాలదు. గడ్డం పొడుగు చూడాలి. డమాస్క్ అయితే కుచ్చులు బారుగా మొగ్గ కొస దాటి పోతాయి, పువ్వు కాడ నిండా జిగురు నూగు ఉంటుంది, వేలితో రాస్తే అంటుకుని వాసనొస్తుంది. చైనాది అయితే నూగు పెద్దగా తగలదు.

తర్వాత కొమ్మ. చిన్నా పెద్దా కలిసి గీసుకుపోయేలా ముళ్ళుంటే డమాస్క్ వైపు మొగ్గు. అక్కడొకటి ఇక్కడొకటి కొక్కెం ముల్లు ఉంటే చైనా వైపు. ఆకు బూడిదపచ్చగా, వెనక మెత్తటి నూగుతో ఉందా, లేక నున్నగా మెరుస్తూ లేత చిగురు ఎర్రగా ఉందా? నువ్వు మాటవరసకి రాసిన ఒక వాక్యం మీద నాకు గురి: ‘పువ్వు పొద్దున లేతగా ఉండి మర్నాటికి ముదురుతోంది’ అన్నావు. ఎండ తగిలేకొద్దీ వెలిసిపోకుండా రంగు ముదరడం చైనా గులాబీల లక్షణం. నా పందెం ఓల్డ్ బ్లష్ మీద. అది 1793 నుంచీ ఇంగ్లండులో ఉంది. కలకత్తా మీదుగా ఓడల్లో వచ్చిందని ఆ జాతినంతా ఫ్రెంచివాళ్ళు బెంగాల్ గులాబీలన్నారు. చీటీ తప్పు పడటం దానికి కొత్తేం కాదు.

తేలేదాకా దాన్ని డమాస్క్ అనకు, ఓల్డ్ బ్లష్ అని కూడా అనకు. మీ వీధి పేరు పెట్టి పిలువు. టెక్సాస్‌లో గులాబీలు వెతికేవాళ్ళు అలాగే ‘కేటీ రోడ్ పింక్’ అని పిలిచిన మొక్క, చివరికి అయోవాలో గ్రిఫిత్ బక్ 1977లో విడుదల చేసిన ‘కేర్‌ఫ్రీ బ్యూటీ’ అని తేలింది. పాతదనుకున్నది అంత పాతది కాదన్నమాట. అసలు పాత గులాబీల లెక్కకి 1867 గీత గీశారు, అంతకుముందు ఉన్న జాతులకే ఆ హోదా.

మీ శాక్రమెంటోలోనే చారిత్రక శ్మశానంలో పాత గులాబీల తోట ఉంది. పాడుబడ్డ ఇళ్ళ దగ్గర, సమాధుల దగ్గర దొరికినవి తెచ్చి పెట్టారు. ఏప్రిల్లో వెళ్ళు, నీ మొగ్గా ఆకూ చేత్తో పట్టుకెళ్ళి ఓల్డ్ బ్లష్ పక్కన పెట్టి చూసుకో. శ్మశానం అంటే చెల్లెమ్మ ఒప్పుకోదేమో, పార్కని చెప్పి తీసుకెళ్ళు.

ఈలోగా రెండు కొమ్మలు కత్తిరించి కుండీల్లో గుచ్చు, కంచె పనివాళ్ళు వచ్చేలోపే. పూలన్నీ కోసెయ్యకుండా కొన్ని కాయలయ్యేదాకా వదిలెయ్. కాయ గుండ్రమో పొడుగో నాకు ఫొటో పంపు. ఈసారి పక్కనుంచి తియ్యి.

నీ
సుబ్బారావు