ప్రతిజ్ఞలు చాలు, గమ్ బిళ్ళలు ఇప్పించండి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను ఒక చిన్న పట్టణంలో బస్టాండు ఎదురుగా మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. సిగరెట్టో బీడీయో మానాలనుకున్న మనిషి డాక్టరు కంటే ముందు మా కౌంటర్ దగ్గరికే వస్తాడు. చాలామంది డాక్టరు దాకా అసలు వెళ్ళరు. వాళ్ళు ఏమేం చేసి చూస్తున్నారో, అందులో ఏది పనికొస్తోందో, ఏది డబ్బు దండగో తమరి దృష్టికి తేవాలని రాస్తున్నాను.

ఏటా మే 31న, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం రోజు, ర్యాలీ తీస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటోలు దిగుతారు. జూన్ 1న మానాలనుకున్నవాడు ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఎవరూ చెప్పరు. జనానికి మానాలని లేక కాదు. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ప్రతి అయిదుగురు పెద్దవాళ్ళలో ఒకరు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. దేశం మొత్తం మీద పొగతాగేవాళ్ళలో 55.4 శాతం మంది మానే ఆలోచనలో ఉన్నవాళ్ళే. ఆసుపత్రికి వెళ్ళిన పొగరాయుళ్ళలో 'ఇక మానెయ్యి' అన్న మాట విన్నది మాత్రం 48.8 శాతం మందే. ఆ ఒక్క మాటకి పైసా ఖర్చు లేదు. డాక్టరు రెండు నిమిషాలు చెప్తే నూటికి అదనంగా ఒకరి నుంచి ముగ్గురి దాకా మానతారని ఎన్నో పరిశీలనల్లో తేలింది. ఓపీకి వచ్చే జనాన్ని తలుచుకుంటే అది తక్కువేం కాదు.

ఎక్కువమంది ఎంచుకునే దారి ఒట్టు పెట్టుకుని మానడం. ఏ సాయమూ లేకుండా అలా మానినవాళ్ళలో ఆరు నెలలు, ఏడాది దాటాక కూడా నిలబడేది నూటికి ముగ్గురు నుంచి అయిదుగురే. ఒక్కసారిగా మానడంలో తప్పు లేదు. బ్రిటన్‌లో చేసి 2016లో ప్రకటించిన ఒక పరిశోధనలో, మెల్లిగా తగ్గించుకుంటూ వచ్చినవాళ్ళు ఆరు నెలలకి 15.5 శాతం మంది నిలబడితే, ఒక రోజు అనుకుని ఆపేసినవాళ్ళు 22 శాతం మంది నిలబడ్డారు. కాకపోతే ఆ రెండు గుంపులకీ నికోటిన్ మందులిచ్చారు (పొగాకులో అలవాటు పట్టించే నికోటిన్‌ని పొగ లేకుండా కొద్దికొద్దిగా ఇచ్చేవి), నర్సులు దగ్గరుండి సలహాలు చెప్పారు. మనం ఆ మందూ ఇవ్వం, సలహా చెప్పే మనిషినీ పెట్టం, మానలేకపోయినవాడికి మాత్రం 'మనసు గట్టిది కాదు' అని పేరు పెడతాం.

మన దగ్గర ఇంకో దారి ఉంది. విదేశీ పుస్తకాల్లో దొరకదు. కార్తీకం వచ్చిందంటే మా వీధిలో సగంమంది మగవాళ్ళు నల్లబట్టల్లో కనిపిస్తారు. రోజుకి రెండు పెట్టెలు ఊదేవాడు కూడా మాల వేసుకున్న రోజు నుంచి 41 రోజులు ముట్టడు. చలికాలం తెల్లారుజామున చన్నీళ్ళ స్నానం చేసి, టీ కొట్టు ముందు నుంచే నడిచి వెళ్తాడు. చెయ్యి జేబులోకి పోదు. భవానీ దీక్షలోనూ అంతే. నికోటిన్ మానినప్పుడు వచ్చే చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి మొదటి వారంలో ముదిరి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. అంటే మాల తీసేనాటికి ఒళ్ళు పొగని దాదాపు మరిచిపోయినట్టే. అయినా కొండ దిగి ఊరొచ్చిన రెండు రోజులకే ఆ స్వామి మళ్ళీ బడ్డీకొట్టు దగ్గర తేలతాడు. అతన్ని లాగింది ఒళ్ళు కాదు, టీ గ్లాసూ పక్కనున్న స్నేహితుడూ.

మంత్రి గారూ, ఇంతమంది ఒకేసారి, ఎవరూ బలవంతం చెయ్యకుండా, 41 రోజులు పొగ మానే సందర్భం ఏ ఆరోగ్యశాఖకి దొరుకుతుంది? మాల తీసే వారం ముందు గురుస్వామి చేత ఒక మాట చెప్పించి, ఆశా కార్యకర్త చేత ఆ తర్వాత నెలలో నాలుగుసార్లు ఫోను చేయించి చూడండి. ఎంతమంది నిలబడ్డారో మన మెడికల్ కాలేజీల వాళ్ళని లెక్క తియ్యమనండి. పీజీ విద్యార్థులకి థీసిస్ అంశం దొరుకుతుంది, తమరి శాఖకి ఒక దారి దొరుకుతుంది.

ఇక మా షాపు సంగతి. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములదైతే చీటీ లేకుండానే ఇస్తాం, 4 మిల్లీగ్రాములదానికి చీటీ కావాలి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాడికి సరిపోయేది 4దే, వాడు కొనేది 2దే. అదైనా ఒకటో రెండో విడిగా చించి ఇమ్మంటాడు. కొన్నది కొన్నట్టు నోట్లో వేసుకుని, బబుల్ గమ్‌లా నమిలేస్తూ టీ కొట్టుకి నడుస్తాడు. నమిలిన నికోటిన్ కడుపులోకి పోయి వెక్కిళ్ళు, గుండెల్లో మంట. పైగా టీ, కాఫీ, సోడా తాగిన నోట్లో అది సరిగా ఎక్కదు. 'ఈ గమ్ వల్ల ఏం కాదండీ' అని సాయంత్రానికి తీర్పు చెప్పేస్తాడు. వాడే పద్ధతి వేరు. నాలుక మీద చురుక్కుమనేదాకా రెండు మూడు నములు నమలాలి, ఆపి దవడకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. ఒక్క బిళ్ళ అరగంట రావాలి. అలా రెండు మూడు నెలలు, మెల్లిగా తగ్గించుకుంటూ. ఇదంతా చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది, కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటే ఆ అయిదు నిమిషాలు ఎవరికీ ఉండవు. ధర సంగతి సరేసరి. ఒక స్ట్రిప్ డబ్బుతో మూడు నాలుగు బీడీ కట్టలు వచ్చేస్తాయి.

సరిగ్గా వాడితే ఏం జరుగుతుందో కూడా లెక్కలున్నాయి. 2023లో వందల పరిశోధనలని కలిపి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష ప్రకారం, మందు లేకుండా ఆరు నెలలకి పైగా మానేవాళ్ళు నూటికి ఆరుగురైతే, గమ్ లాంటి ఒక్క నికోటిన్ మందుతో దాదాపు తొమ్మిదిమంది, ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచ్, గమ్ రెండూ కలిపి వాడితే పన్నెండుమంది, వరెనిక్లిన్ అనే మాత్రతో పధ్నాలుగుమంది. బుప్రోపియాన్ అనే ఇంకో మాత్ర కూడా ఒక్క గమ్ స్థాయిలోనే పనిచేస్తుంది, కాకపోతే ఫిట్స్ ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. నూటికి పధ్నాలుగేనా అనిపించవచ్చు. మందు లేనప్పటి కంటే అది రెట్టింపు పైమాటే. ఈ లెక్కలు ఎక్కువగా డబ్బున్న దేశాల్లో, సిగరెట్ తాగేవాళ్ళ మీద తీసినవన్న మాటా చెప్పాలి. బీడీ తాగే మేస్త్రీ మీద, ఉత్తరాంధ్రలో నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మ మీద ఇవి ఎంత పనిచేస్తాయో మన దగ్గరే చూడాలి.

మార్కెట్లో జోరుగా అమ్ముడయ్యేవి మాత్రం వేరే. 'ఆయనకి తెలియకుండా టీలో కలిపి ఇవ్వండి, పదిహేను రోజుల్లో మానేస్తారు' అనే పొడులు. వీటి కోసం వచ్చేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళు, పొదుపు డబ్బు చేతిలో పట్టుకుని వస్తారు. మనిషికి తెలియకుండా వాడి అలవాటు మాన్పించే మందు ఏదీ లేదు. ఔషధ నియంత్రణ అధికారులు ఈ ప్రకటనల మీద ఒక కన్నేస్తే చాలా ఇళ్ళలో డబ్బు మిగులుతుంది. హెర్బల్ సిగరెట్లో నికోటిన్ లేకపోవచ్చు గానీ పొగ పొగే, తారూ కార్బన్ మోనాక్సైడూ అందులోనూ ఉంటాయి. హిప్నాటిజం, ఆక్యుపంక్చర్ పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఈ-సిగరెట్ల మీద మంచి ఫలితాలే వచ్చాయి, కానీ 2019 నుంచి మన దేశంలో నిషేధం. కాలేజీ పిల్లల్ని చూస్తుంటే, ఆ తలుపు తెరవమని నేనైతే అడగను.

డబ్బులేవీ అంటారేమో. బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలో టీబీ రోగుల మీద సైటిసిన్ అనే చవక మందుని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. మందు వాడినవాళ్ళలో 32.4 శాతం, ఉత్తుత్తి బిళ్ళ వాడినవాళ్ళలో 29.7 శాతం మంది ఆరు నెలలకి మానే ఉన్నారు. మందు పెద్ద తేడా తేలేదు. కానీ రెండు గుంపులకీ పద్ధతిగా కౌన్సెలింగ్ జరిగింది. జబ్బుతో భయపడి ఉన్న మనిషిని కూర్చోబెట్టి మాట్లాడితే దాదాపు మూడోవంతు మంది మానారని దాని అర్థం. మన టీబీ రోగులు ఎలాగూ నెలల తరబడి మందులకి వస్తూనే ఉంటారు కదా.

జబ్బుల ముప్పు లెక్కకట్టడానికి ఆశా కార్యకర్తలు ముప్ఫై దాటినవాళ్ళ దగ్గర నింపే ఫారంలో పొగాకు గడి ఉంది. రోజూ వాడితే రెండు మార్కులు. ఆ మార్కులు వేశాక ఆ మనిషిని ఎవరు పిలుస్తున్నారు? సిగరెట్ పెట్టె మీద, మానాలనుకున్నవాళ్ళకి సాయం చేసే 1800-11-2356 అనే ఉచిత ఫోను నంబరు ఉంటుంది. లూజు సిగరెట్ కొనేవాడికి పెట్టె కనపడదు, నంబరూ కనపడదు. దాన్ని ప్రతి ఓపీ చీటీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి.

నికోటిన్ మందులని కేంద్రం 2022లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అవి ప్రతి పీహెచ్‌సీకీ బీపీ మాత్రల్లాగే ఉచితంగా అందాలి, వాడే పద్ధతి నేర్పే ఒక నర్సు అక్కడ ఉండాలి. మా ఫార్మసిస్టులకి కూడా ఒక పూట శిక్షణ ఇప్పించండి, సొంత ఖర్చుతో వస్తాం. వచ్చే మే 31న ఎంతమంది ప్రతిజ్ఞ చేశారో కాకుండా, ఎంతమంది ఆరు నెలలుగా ముట్టలేదో జిల్లాలవారీగా ప్రకటించండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఫార్మసిస్టు